పెద్ద సారు బూట్లు, మా అన్న బాట

నేను చైనాకు పోలేదు. జగిత్యాలలో చరిత్ర పాఠాలు చెప్పడానికి కోరుట్ల నుంచి రోజూ బస్సులో నిలబడి పోయిన దూరమంతా ఒక వరసలో పరిస్తే చైనా గోడ దాకా వస్తుందేమో గానీ, ఆ గోడ అవతల ఏముందో నేను చూడలేదు. అయినా ఒక ఏడాది పాటు టాంగ్ వంశం వారి చైనాలోనే కాపురం చేశాను. దూరవిద్య చదివేవాళ్ల కోసం 'మధ్యయుగ చైనా: ప్రాంతీయ పాలన, అధికారులు' అని ఒక పాఠం కావలసి వచ్చింది. రాయవలసిన పెద్దమనిషికి తీరిక లేక ఇంకో పెద్దమనిషికి అప్పగించారు. ఆయన మరొకరికి అప్పగించారు. అలా పెద్దమనుషులంతా అయిపోయాక నేను మిగిలాను.

నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ పిల్లలకు ఈ సంగతి తెలిసిపోయింది.

"సార్, చైనా పాఠమట గదా. గ్యారంటీ ఉంటదా?"

"వాడినన్ని రోజులు ఉంటది."

"గ్రూప్స్‌ల అస్తదా సార్?"

"రాదు."

"అయితే ఊకెనే కష్టపడుతున్నరు సార్."

ఊకెనే కష్టపడటం మా ఇంట్లో నేను తెచ్చిన అలవాటు. మా తాత, నాయిన, పెద్దనాయిన అందరూ తాళ్లెక్కి కల్లు గీసినవాళ్లు. వాళ్లు కష్టపడితే కల్లు లొట్టి నిండేది. నాకు స్టూలెక్కి బల్బు మార్చినా కళ్లు తిరుగుతాయి. తాళ్లెక్కవలసినవాడు ఎక్కాలు పట్టుకున్నాడని మా నాయిన నవ్వేవాడు. మొత్తం వంశంలో పైకి రానివాణ్ణి నేనొక్కణ్ణే.

పాఠం రాస్తూ రాస్తూ ఉంటే ఆ టాంగ్ అధికారులు ఒక్కొక్కరే తెలిసిన ముఖాల్లా కనిపించసాగారు. రాజ్యాన్ని మన జిల్లాల్లాంటి ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద ఒక పాలకుణ్ణి పెట్టేవారు. పాలకుడు తన సొంత ప్రాంతంలో పని చేయకూడదు. మూడు నాలుగేళ్లకు మించి ఒకచోట ఉండకూడదు. బంధుప్రీతి ఉండొద్దని ఈ ఏర్పాటు. బంధువులు పోయారు, వాళ్లతోపాటు ప్రీతి కూడా పోయింది. వచ్చిన కొత్తలో ఊళ్ల పేర్లు నేర్చుకుంటారు. అవి నోరు తిరిగేసరికి, నన్ను ఇక్కడి నుంచి తీసుకుపొండి మహాప్రభో అని రాజధానికి ఉత్తరాలు మొదలుపెడతారు. రాజధాని బయట ఏ కొలువైనా వాళ్ల లెక్కలో వనవాసమే. ఆ వనవాసంలో కూర్చుని ఆకాశంలో చంద్రుణ్ణి చూసి కవిత్వం రాసినవాళ్లు బోలెడు మంది. కింద ఎండిన మడిని చూసి రాసినవాళ్లు కూడా ఉన్నారు గానీ, వాళ్లను వెతకడానికి నాకు చాలా రోజులు పట్టింది.

పాలకులు మారతారు, గుమాస్తాలు మారరు. వాళ్లు ఆ ఊరివాళ్లే. సారు పల్లకీలో కూర్చుంటాడు, ఆ పల్లకీ ఎటు పోవాలో గుమాస్తా చెబుతాడు.

ఏటేటా ప్రతి అధికారికీ తొమ్మిది మెట్లలో ఏదో ఒక మెట్టు మీద మార్కు వేసేవారు. అన్నిటికన్నా పై మెట్టుకు తగినంత మంచివాడు దొరకడు, అన్నిటికన్నా కింది మెట్టు మీద నిలబెడితే ఎవరి చుట్టమో అలుగుతాడు. అందుకని చాలామంది మధ్యలోనే ఇరుక్కుని నిలబడ్డారు, కోరుట్ల బస్సులో మాలాగే.

నాకు బాగా నచ్చింది రాళ్ల చట్టం. వెళ్లిపోయే పాలకుడి మంచితనాన్ని రాతి మీద చెక్కి ఊళ్లో నిలబెట్టడం అక్కడి ఆనవాయితీ. క్రమంగా ఎవరి రాయి వాళ్లే చెక్కించుకోవడం మొదలైంది. అప్పుడు చట్టంలో రాశారు: చేసిన మంచి ఏమీ లేకుండా రాయి నిలబెట్టుకున్న అధికారికి ఏడాది కఠిన శిక్ష, మనుషుల్ని పురమాయించి తన గురించి అబద్ధపు పొగడ్తలు పైకి పంపించుకుంటే వంద దెబ్బలు. ఈ వాక్యం రాసిన మర్నాడు జగిత్యాలలో బస్సు దిగి నడుస్తూ, దారి పొడుగునా కట్టిన ఫ్లెక్సీలను తలెత్తి చూశాను. ఎన్ని వందల దెబ్బలు గాలికి ఊగుతున్నాయో అనిపించింది.

ఇక మా అన్న సంగతి. పెద్దనాయిన కొడుకు, కథలాపూర్ దగ్గర మా ఊళ్లోనే ఉంటాడు, ఇంకా తాళ్లెక్కుతాడు. వయసులో పెద్ద కాబట్టి అన్న; ఎప్పుడు పలకరించినా నా నెత్తికి నాలుగు నిలువుల పైన ఉంటాడు కాబట్టి కూడా అన్నే. ఊరికీ తాటివనానికీ మధ్య ఒక బాట ఉండేది, ఎడ్లబండి పట్టేంత. దాని పక్క భూములు ఒకప్పటి దొరలవి. ఇప్పటి దొర కరీంనగర్‌లో వ్యాపారం చేస్తాడు. ఆయన పొలం చుట్టూ రాతి కడీలు పాతించి ముళ్లతీగ గుంజించినప్పుడు, పొలంతో పాటు బాట కూడా లోపలికి పోయింది. అటువైపు వనం, ఇటువైపు ఊరు, మధ్యలో దొర తీగ. అప్పటి నుంచి గీసేవాళ్లు కాలువ కట్ట పట్టుకుని చుట్టు తిరిగి పోవాలి.

మనిషి చుట్టు తిరిగితే కాళ్లు నొస్తాయి, సర్దుకుంటాడు. కల్లు సర్దుకోదు, పులుస్తుంది. పొద్దున దింపిన తియ్యటి కల్లు కట్ట తిరిగి ఊళ్లోకి వచ్చేసరికి ఎండ తగిలి, నురగ పొంగి, ముక్కు దగ్గర పెట్టుకోలేనట్టు అయ్యేది. తాగేవాళ్లు మర్యాదగా ఒక గుక్క తాగి, మర్నాటి నుంచి పక్క ఊరికి పోసాగారు.

"తమ్మీ, తాళ్లు పారే కాలం అస్తున్నది. ఇప్పుడు గూడ గిట్లనే అయితే ఇగ మోకు ఇడిసిపెట్టుడే" అన్నాడు అన్న ఒకనాడు. తాళ్లు పారడమంటే చెట్ల నుంచి కల్లు బాగా దిగడం; మోకు అంటే నడుమునూ చెట్టునూ కలిపి వేసుకునే తాడు. అది వదిలితే అన్నకు మిగిలేది ఏమిటో ఇద్దరికీ తెలుసు. గల్ఫ్ పోయే వయసు దాటింది. కోరుట్లలో ఏ బట్టల షాపు ముందో ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద యూనిఫారం. తాటిచెట్టు కొన నుంచి మూడు మండలాలు చూసిన మనిషి, వచ్చేపోయేవాళ్ల చెప్పులు చూస్తూ కూర్చోవాలి.

బాట సంగతి తేల్చవలసిన పెద్ద సారు ఒకాయన ఉండేవాడు. ఏ ఆఫీసో చెప్పను. చెప్పకపోయినా చదివినవాళ్లలో సగంమంది మా ఆఫీసే అనుకుంటారు, దానికి నేనేం చేసేది! ఆయనది ఎక్కడో దూరపు జిల్లా. ఆయన చేయవలసిందల్లా ఒకసారి వచ్చి చూడటం. మా దగ్గర దాన్ని మోక చూడటం అంటారు. సోమవారం వినతులు తీసుకునేటప్పుడు అన్న పోయి నిలబడేవాడు. ఒకసారి నేనూ వెంట పోయాను.

"ఏం బాట?" అన్నాడు పెద్ద సారు.

"తాటివనం బాట సార్. పోయిన సారి గూడ అచ్చిన."

"మోక మీదికి వస్తా అన్నాను కదా."

"అన్నరు సార్. అంతకు ముందుసారి గూడ అన్నరు."

"మరింకేంటి?"

"అనుడే అయితున్నది సార్."

పెద్ద సారు కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడు పెద్దాయనా, కళ్లతో చూడకుండా నేను సంతకం పెట్టను. అది నా నియమం."

నియమం గొప్పదే. చూడకుండా సంతకం పెట్టడు, చూడటానికి రాడు. ఇంత నిజాయితీపరుణ్ణి ఎవరు మాత్రం ఏం చేయగలరు? బయటికి వచ్చాక, "మన దగ్గర మోకున్నది, సారు దగ్గర మోక లేదు" అన్నాను. అన్న నవ్వలేదు. నా మాటల చమత్కారాలకు మా ఇంట్లో ఎవరూ నవ్వరు. అది వాళ్ల నియమం.

మరి పెద్ద సారు తీరిక లేకుండా చేసేదేమిటంటే, ఫొటోలు దిగడం. రిబ్బన్ కత్తిరించేటప్పుడు, మొక్క నాటేటప్పుడు, చీపురు పట్టుకున్నప్పుడు. ఎడమ వైపు నుంచి తీస్తే బాగుంటాడని ఆయన నమ్మకం. అందుకని ప్రజలు ఎప్పుడూ ఆయనకు ఎడమ వైపునే నిలబడేవారు. మొక్క ఒకసారి నాటాక మళ్లీ దాని వైపు చూసేవాడు కాదు. పాపం, దానికి రెండో ఫొటో ఉండదు కదా.

తాళ్లు పారే కాలం దగ్గర పడుతుండగా ఆయనకు బదిలీ అయింది. అన్నకు ఆ కబురు నేనే చెప్పాను. "అయితే కొత్తాయన అచ్చి, మల్ల మొదటి నుంచి 'ఏం బాట' అంటడు" అన్నాడు, అంతే.

ఆ వారమే ఆ ఆఫీసు పెద్ద గుమాస్తా మా ఇంటికి వచ్చాడు. మా ప్రాంతపు మనిషే. ఎందరు సార్లను తెచ్చుకున్నాడో, ఎందర్ని సాగనంపాడో. వెళ్లేవాళ్లకు సన్మాన పత్రం చదివించి, ఫ్రేము కట్టించి ఇవ్వడం ఆయన బాధ్యత.

"పంతులు సారూ, మీరు రాస్తె గట్టిగుంటది. 'కరుణామూర్తి' ఉండాలె, 'ప్రజాబంధు' ఉండాలె, మిగతది మీ ఇష్టం."

"ఏం చేసిండని రాయాలె?"

"చేసింది రాస్తె ఒక లైను గూడ నిండది. గుణాలు రాయిండ్రి."

"మా అన్న బాట ముచ్చట..."

"గదే జెప్తున్న. పోయేటప్పుడు సార్ల మనసు మెత్తగయితది. మీరు పత్రం సదివినంక గా మెత్తదనం మీద మాట ఏద్దాం."

సరేనన్నాను. పొగిడించుకున్నవాడికి వంద దెబ్బలని రాసిన చైనావాళ్లు, పొగిడిపెట్టిన పంతులు గురించి ఏమీ రాయలేదు. మా పంతుళ్లను వదిలేసినందుకు మనసులోనే దండం పెట్టుకుని కూర్చున్నాను. 'ఈ ప్రాంతపు ప్రతి బాటకూ వారి పాదాలు సుపరిచితములు' అని ఒక వాక్యం కావాలనే వేశాను. అందులో ఉన్న బాట సారు చెవికి తగులుతుందని నా ఆశ.

శాలువా తెచ్చే పని కూడా నా మీదనే పడింది. అంచులో బిరుదు రావాలట. సిరిసిల్ల పోయాను. మరమగ్గాల షెడ్డులో సాంచెలు నడుస్తుంటే మనిషి మాట మనిషికి వినబడదు. మగ్గాల ఆసామి చెవి దగ్గర నోరు పెట్టి, "కరుణామూర్తి అని రావాలె!" అని అరవవలసి వచ్చింది. కరుణ గురించి అంత గట్టిగా అరవడం నాకదే మొదటిసారి.

ఆసామి నన్ను బయటికి తీసుకొచ్చి అడిగాడు. "సారు మంచోడానే?"

"బదిలీ అయింది."

"గట్లనా! అయితే మంచోడే. పోయేటోళ్లందరు మంచోళ్లే. మేమే గదా నేసి పంపేది."

నాలుగు రోజులకు పోయి శాలువా తీసుకుని చందుర్తి మీదుగా వచ్చే బస్సెక్కి, నేరుగా మా ఊళ్లో దిగాను. కాలువ కట్ట తిరిగి వనం చేరేసరికి నా పని అయిపోయింది. చేతిలో ఉన్నది శాలువా ఒక్కటే. అన్న అదే దారిన రోజూ లొట్లు మోస్తాడు. చెట్ల నీడలో అన్న, తోటి గీతగాడు ఒక బక్కాయన కూర్చుని ఉన్నారు. బక్కాయన శాలువా విప్పి చూసి, మడిచి, చేతులు గోచీకి తుడుచుకున్నాడు.

"గిది కప్పుతరా గా సారుకు? మంచిగనే ఉన్నది. మరి మీ చైనోళ్లు పోయేటోనికి ఏం కప్పుతుండిరి పంతులూ?"

"కప్పకపోదురు. విప్పుతుండిరి."

"ఏం విప్పుతుండిరి?"

"బూట్లు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నా పాఠాన్ని అంత శ్రద్ధగా విన్న విద్యార్థులు నాకు జగిత్యాలలో దొరకలేదు. చెప్పాను. టాంగ్ కాలంలో ఒక మంచి పాలకుడు వెళ్లిపోతుంటే జనం దారికి అడ్డం పడి, పోవద్దని ఆయన కాళ్లు పట్టుకుని బూట్లు గుంజేసుకున్నారు. తర్వాత అదొక ఆచారమైంది. గుంజిన బూట్లను కోట దర్వాజకు వేలాడదీసేవారు. అంతకన్నా గొప్ప గౌరవం లేదు. రాను రాను ఎవరు పోయినా గుంజడమే. పోయేవాళ్లు కూడా తెలివిమీరి, గుంజించుకోవడానికని ఒక పాత జత దగ్గర పెట్టుకునేవారట.

బక్కాయన పడీపడీ నవ్వాడు. అన్న నవ్వలేదు.

"గా బూట్లు మల్ల కావాల్నంటె దర్వాజ కాడికే రావాలె గదా?" అన్నాడు.

"ఎవరు అడుగుతరే మల్ల?" అన్నాను.

"కొత్తయి అయితె అడుగుతరు" అన్నాడు అన్న, మోకు దులుపుకుంటూ.

వీడ్కోలు సభ ఒక ఫంక్షన్ హాలులో జరిగింది. దీపం వెలిగించాలి కాబట్టి వేదిక మీది పెద్దలంతా చెప్పులు, బూట్లు మెట్ల కింద విడిచి ఎక్కారు. పెద్ద సారువి కొత్త బూట్లు, వీడ్కోలు కోసమే కొన్నవి. నేను పత్రం చదివాను. 'కరుణామూర్తి' దగ్గర చప్పట్లు పడ్డాయి. 'ప్రతి బాటకూ వారి పాదాలు' అన్నప్పుడు గొంతు కొంచెం పెంచాను. పెద్ద సారు కళ్లు తుడుచుకున్నాడు, ఎడమ వైపు నుంచి. గుమాస్తా నాకు సైగ చేశాడు. మెత్తబడ్డాడని అర్థం.

ఫ్రేము చేతికిస్తూ వంగి, "సార్, మా ఊరి తాటివనం బాట..." అన్నాను.

"వస్తా వస్తా. మోక చూస్తా" అన్నాడు పెద్ద సారు.

మర్నాడు ఆయన వెళ్లిపోతున్నాడు. సామాన్లు అప్పటికే లారీ ఎక్కాయి. కొత్త ఆఫీసు ఎక్కడో పటంలో ఇంకో మూల. అయినా నాలుక దానంతటది వాగ్దానం చేసేసింది. అబద్ధం చెప్పాడని కూడా అనలేను. అబద్ధం చెప్పాలంటే నిజమేదో ఒకసారైనా తలుచుకోవాలి కదా.

సభ అయ్యాక మెట్లు దిగితే బూట్లు లేవు. గుమాస్తా బల్లల కింద వెతికాడు. ఎవరో తమ చెప్పులు ఇవ్వబోయారు. అప్పుడు అన్న చేతులు జోడించి ముందుకు వచ్చాడు, వెనక బక్కాయన.

"సార్, మీ బూట్లు యాడికి పోలే. మా ఊరి పోరడు బండి మీద తీస్కపోయిండు, మా వనం కాడ భద్రంగున్నయి."

గుమాస్తా ముఖం ఎర్రబడింది. "ఏందిరా, సారు బూట్లు ఎత్కపోయినవా?"

"ఎత్కపోలే సారూ, గౌరవించినం. చైనల గిట్లనే చేస్తరట. అబద్ధమైతె మా తమ్ముణ్ణి అడుగుండ్రి."

హాలు మొత్తం నా వైపు తిరిగింది. చెట్టు కింద నిలబడి కూడా కళ్లు తిరగడం నాకు అలవాటే గానీ, సిమెంటు నేల మీద తిరగడం కొత్త. పెద్ద సారు, "ఏంటండీ ఇది?" అన్నాడు. గొంతులో పోలీసులు వినబడ్డారు. చెప్పక తప్పింది కాదు. టాంగ్ వంశం, మంచి పాలకుడు, దారికి అడ్డం పడిన జనం, కోట దర్వాజ, అన్నీ చెప్పాను. పాత జత సంగతి మాత్రం మింగేశాను.

ఆయన ముఖంలో కోపం మెల్లగా కరిగి, ఇంకేదో పేరుకుంది.

"అంటే ఇది పెద్ద గౌరవమా?"

"చాల పెద్దది సార్. ఎవరికో గని దక్కది."

"మన దగ్గర ఇంతకు ముందు ఎవరికైనా జరిగిందా?"

"నాకు తెలిసి లేదు సార్. మీకే మొదలు."

పెద్ద సారు శాలువా సవరించుకున్నాడు. "ఫొటోగ్రాఫర్ ఉన్నాడా, వెళ్లిపోయాడా?"

అలా, ఎన్నో సోమవారాల వినతులకు కదలని బండి బూట్ల కోసం కదిలింది. మా ఊరి వైపు మూడు కార్లు, వాటి వెనక విలేకరుల మోటారు సైకిళ్లు. ఎండ ఇంకా దిగలేదు. తీగ దగ్గర అందరం దిగాం. పెద్ద సారు మేజోళ్లతో వేడి మట్టిలో నిలబడి చూశాడు. ఈ పక్క కడీలు, నడుమ ముళ్లతీగ, లోపల గడ్డి మొలిచిన బాట. ఆ బాట ఆ చివర, వనం మొదట్లో ఉన్న కడీకి లేసులతో కట్టిన రెండు నల్లటి బూట్లు ఎండలో మెరుస్తున్నాయి.

"అదేంటి, అక్కడ కట్టారు?"

"మా వనం దర్వాజ గదే సార్" అన్నాడు అన్న.

"ఇక్కడి నుంచి అక్కడికి ఎలా పోతారు?"

ఈ ఒక్క ప్రశ్న కోసం అన్న రెండేళ్లు ఆఫీసు వరండాలో కూర్చున్నాడు. మా ఊరివాళ్ల కాళ్లు, కల్లు, బతుకు ఆయన చేత అడిగించలేని ప్రశ్నను ఆయన సొంత బూట్లు అడిగించాయి.

"పోరాదు సార్. కాలువ కట్ట మీదికెల్లి తిరిగి రావాలె. గదే మేము మీకు చెప్పుకున్న బాధ."

పెద్ద సారు కాలువ వైపు చూశాడు. కట్ట పొడుగూ, దాని మీది పల్లేరుకాయలూ, తన మేజోళ్లూ మూడూ ఒకేసారి ఆయన మనసులోకి వచ్చినట్టున్నాయి.

"ఎవరు కట్టారయ్యా ఈ తీగ? బాటకు అడ్డంగా! తీసేయండి ముందు!"

దొర పొలం చూసుకునే మనిషి అక్కడే ఉన్నాడు. అంత పెద్ద సారు, అన్ని కార్లు, మెడలో శాలువా చూసి పరుగున వచ్చి తీగ ముడులు విప్పడం మొదలుపెట్టాడు. బక్కాయన సాయం పట్టాడు. అప్పుడు గుమాస్తా పెద్ద సారు చెవి దగ్గరికి వంగాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"సార్, పొద్దున్నే చార్జి అప్పజెప్పిన్రు. ఇప్పుడు మీరు ఆర్డర్ ఇయ్యరాదు."

"ఫొటో అయ్యాక చెప్పు" అన్నాడు పెద్ద సారు.

అధికారం చేతిలో ఉన్నన్నాళ్లు ఆయన ఈ బాట గురించి ఒక్క ఆర్డర్ ఇవ్వలేదు. ఇచ్చిన రోజున చేతిలో అధికారం లేదు. అది తెలిసినవాళ్లం ముగ్గురమే: ఆయన, గుమాస్తా, నేను. నేను నోరు విప్పలేదు. తీగ విప్పుకుంటోంది కదా, అదే చాలనుకున్నాను.

తీగ పక్కకు చుట్టారు. పెద్ద సారు మా బాట మీద నడిచాడు. మధ్యలో రెండుసార్లు ఆగి, ఒంటికాలి మీద నిలబడి పల్లేరుకాయ పీక్కున్నాడు. నా పత్రంలో రాసిన పాదాలూ బాటా అలా ఆ సాయంత్రం మొదటిసారి పరిచయం చేసుకున్నాయి. చివర కడీ పక్కన ఎడమ వైపు నుంచి చాలా ఫొటోలు తీశారు. బూట్లు చూస్తున్నట్టు, తొడుక్కుంటున్నట్టు, అన్న భుజం మీద చెయ్యి వేసినట్టు. అన్న లొట్టి అందిస్తే వద్దన్నాడు గానీ, అందిస్తున్నట్టు ఒకటి తీయమన్నాడు. ఆ తర్వాత కారెక్కి, అద్దం దించి, "మీ ప్రేమను మరిచిపోలేను" అన్నాడు. బాట గురించి ఏమీ అనలేదు. ఆయన దృష్టిలో అది బాట కాదు, ఫొటో వెనక ఉన్న తెర.

మర్నాడు పేపర్లో వచ్చింది: 'వెళ్తూ వెళ్తూ బాట తెరిపించిన ప్రజాధికారి'. కింద నా చైనా పాఠం కూడా నాలుగు వాక్యాలు వేశారు. నావి అచ్చయిన పాఠాల్లో అంతమంది చదివింది అదొక్కటే.

కరీంనగర్ నుంచి దొర ఫోన్ చేశాడట, తీగ తీయమని ఆర్డర్ ఎక్కడుందని. ఆర్డర్ లేదని గుమాస్తా ఒప్పుకున్నాడు. ఆ తర్వాత జరిగిన మాటలు గుమాస్తాయే టీ కొట్టు దగ్గర నాకు చెప్పాడు.

"మల్ల కట్టుకుంట అన్నడు. కట్టుకోండ్రి దొరా అన్న. పేపర్ల అచ్చింది, పై సార్లు గూడ శభాష్ అన్నరు. మీరు కడితె ఎవలో ఒగలు మల్ల దరఖాస్తు పెడుతరు, గప్పుడు కొత్త సారు సర్వేయరును పట్టుకొని మోక మీదికి రానే అస్తడు, బాటనే గాక మీ పొలం అంచులు గూడ గొలుస్తడు అన్న."

"ఏమన్నడు?"

"ఏమంటడు? తీగ జంగు పడుతున్నది, పాతదైంది, ఉండనీయి తియ్యి అన్నడు."

నాకు గుమాస్తా మీద గౌరవం లాంటిది కలగబోయింది. అది పూర్తిగా కలగక ముందే ఆయన, "కొత్త సారుకు స్వాగత పత్రం రాయాలె పంతులు సారూ, గదే కరుణామూర్తి పెట్టుండ్రి, పేరు మారిస్తె అయిపాయె" అన్నాడు. కాబట్టి బతికిపోయాను.

కొత్త సారు వచ్చాడు. ఆయనదీ దూరపు జిల్లాయే. మొదటి మీటింగ్‌లోనే, "నేను ఆఫీసులో కూర్చునే రకం కాదు, ప్రతి తగాదా మోక మీదికి వచ్చి నా కళ్లతో చూస్తా" అన్నాడట. ఆ మాట పేపర్లో చదివి అన్న నాకు ఫోన్ చేశాడు.

"తమ్మీ, గీయన నిజంగ అస్తడా ఏందే?"

"ఎందుకే భయం? అస్తె మంచిదే గదా."

"ఏం మంచిది? కాయితం ఏదంటడు. మన తాన ఫొటో తప్ప ఏమున్నది? చూస్తె తప్పు పట్టాలె, లేకుంటె సారు ఎట్లయితడు? రాకుంటెనే మంచిగుండు."

రెండేళ్లపాటు సారు రావాలని ఎండలో నిలబడ్డ మనిషి, ఇప్పుడు సారు రావొద్దని కోరుకుంటున్నాడు. నేను రాసిన పాఠమంతటిలో ప్రాంతీయ పాలన గురించి ఇంత పొట్టిగా, ఇంత సూటిగా ఒక్క వాక్యం లేదు.

మొన్న ఆదివారం ఊరికి పోయాను. తాళ్లు బాగా పారుతున్నాయి. ఎండ చురుక్కుమనక ముందే అన్న లొట్లతో బాట మీదుగా వచ్చేశాడు. బాట మధ్య గడ్డి చచ్చి, మనిషి అడుగు పడేంత మేర మట్టి తెల్లగా తేలింది. ఊళ్లోవాళ్లు పక్క ఊరి కల్లు మానేసి మళ్లీ వస్తున్నారు. బాట మొదట్లో వేపచెట్టు కింద కూర్చుని నాకు ఒంపబోతూ అన్న ఆగిపోయాడు. పెద్ద రోడ్డు మీద ఏదో బండి వస్తోంది, చప్పుడు బట్టి జీపు. మలుపు దగ్గర నెమ్మదించింది. అన్న లొట్టి అలాగే వంచి పట్టుకుని చెవి అటు పెట్టాడు. నేను లేచి చూశాను. తెల్ల బండి, ముందు ఏదో బోర్డు ఉంది.

"మనూరికి మలుగుతున్నదా?"

"ఆగింది. డ్రైవర్ ఎవలనో ఏందో అడుగుతున్నడు."

లొట్టి అంచు మీద నురగ ఒక్కో బుడగే పగులుతోంది.

"పోతున్నది" అన్నాను. "కోరుట్ల దిక్కు."

"మంచిగ సూడు."

"పోయిందే అన్నా."

అప్పుడు ఒంపాడు.